బుట్ట వెనక గొంతులు

ఇండియానాలోని మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఒక్క పాయింటు ముందుంది. ఆట ముగుస్తుండగా అవతలి జట్టు కుర్రాడు టోబిన్‌కు ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి బంతి విసిరే ఫ్రీ త్రోలు రెండు దొరికాయి. రెండూ పడితే గెలుపు వాళ్లదే. అతని తల్లి గత నెలలో చనిపోయిందని బుట్ట వెనక నిలబడే మా విద్యార్థులు ముందే ఆరా తీశారు.

“మీ అమ్మ ఏ సీట్లో కూర్చుందిరా, టోబిన్?” అని ఒక్క గొంతుతో అరిచారు.

మా కెప్టెన్ డెల్‌రాయ్ చేతులెత్తి ఆపమన్నా ఎవరూ ఆగలేదు. రెండు బంతులూ రింగుకు తగిలి బయటపడ్డాయి.

“చూశావా వాల్టర్, సొంత కోర్టంటే ఇదీ!” అని పక్క సీట్లోని హార్లన్ నా వీపు చరిచాడు. నా భార్య పోయినప్పుడు చలికాలమంతా నాకు వేడి సూప్ తెచ్చిపెట్టిన మనిషి అతను.

డెల్‌రాయ్ వెళ్లి టోబిన్ భుజం మీద చెయ్యి వేశాడు. హార్లన్ లేచి అరిచాడు: “ఒరేయ్ డెల్‌రాయ్, నువ్వెవరి వైపురా?”