వాడకం లేని చెయ్యి

రేపు ఆపరేషన్ అనగా ఇవాళ ఆమె ఆసుపత్రి మంచం మీద కూర్చుని మొగుడి చొక్కాకి గుండీ కుడుతోంది. ఊడింది ఆయన గుండీ, జారింది ఈమె గుండె. రెండూ కుట్టుకోవాల్సింది మాత్రం ఈమే. ఇంతలో నర్సు వచ్చి ఆమె ఎడమ మణికట్టుకి ఎర్ర పట్టీ కట్టింది. "ఈ చేతికి సూది గుచ్చరాదు" అని ఉంది దాని మీద.

"ఎందుకమ్మా ఇది?" నాలుక మీది క్యాన్సరు పుండు వల్ల మాట ముద్దముద్దగా వచ్చింది.

"డాక్టరుగారు కట్టమన్నారు." నర్సు ఆ చేతినే చూస్తూ ఆగింది. "అదేంటి, ఎడమ చేత్తో కుడుతున్నారు?"

కిటికీ దగ్గర ఆయన ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు. "ఇక మా ఇంట్లో సగం నాలుకేరా, సగం గొడవ తగ్గినట్టే."

ఆమె సూది ఆగింది. ఎర్ర పట్టీ వైపు చూస్తే అనుమానం మొదలైంది.

పోయిన వారం డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. నాలుకలో సగం తీసేసి, ఆ చోట ఆమె ఒంట్లోంచే ముక్క తెచ్చి, దాని రక్తనాళాన్ని మెడలోని నాళానికి కలిపి కుడతారు. ముంజేతి నుంచి తీస్తే పల్చగా, మెత్తగా ఉంటుంది. తొడ నుంచీ తీయొచ్చు. కాదంటే ఛాతీ కండని మెడలోంచి పైకి తేవచ్చు, కాకపోతే అది మందం. ఆమెకి ఇట్టే అర్థమైంది. బట్టలుతికే దుకాణం వెనకగదిలో పద్నాలుగేళ్లుగా ఆమె చేసేది రఫ్ఫు పనే. కోటుకి చిల్లి పడితే, కనపడని మడతలోంచి అదే గుడ్డ దారాలు లాగి చిల్లి పూడుస్తుంది. ఎక్కణ్ణుంచి లాగాలో కోటు మనిషిని అడక్కుండా ఏనాడూ కత్తెర పెట్టలేదు. కోటుకున్న ఆ పాటి మర్యాద తనకి దక్కలేదు. తనని స్కానింగుకి పంపి, ఆయన ఒక్కడూ డాక్టరు దగ్గర కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి "అన్నీ మాట్లాడేశాను, నీకెందుకు" అన్నాడు. ఆయన మాట్లాడేసినప్పుడల్లా ఆమెదేదో ఒకటి చేజారడం మామూలే. ఒకసారి మాట్లాడేస్తే కుట్టుమిషను ఆడపడుచు ఇంటికి పోయింది. ఇంకోసారి మాట్లాడేస్తే ఆమె దాచుకున్న సెలవులన్నీ అత్తగారి కంటి ఆపరేషనుకి పోయాయి. ఈసారి పోయేదేమిటి?

"ఆ ఫైల్లో ఏముందో చదువుతావా తల్లీ?"

నర్సు కాగితాలు తిప్పింది. "కుడిచేతి వాటం. ఎడమ చెయ్యి వాడకం లేదు. మీవారే చెప్పినట్టుంది."

చేతివాటమే. ఎవరిదో తెలిసిపోయింది.

పెళ్లయిన కొత్తలో అత్తగారు "ఎడమ చేత్తో వడ్డిస్తే నాకు ముద్ద దిగదమ్మాయ్" అంది. ఆ పూటనుంచీ వడ్డన కుడి చేతికి మారింది. తరగడం, తోమడం, సూది పట్టడం, దుకాణంలో సంతకం, అన్నీ ఎడమ చేతికే మిగిలాయి. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయనకి తెలిసింది కంచం దాకా వచ్చిన చెయ్యి ఒక్కటే.

డాక్టరు వచ్చాడు. ఆమె చేత ఎడమ పిడికిలి బిగింపించి, మణికట్టు దగ్గర రెండు నాళాలూ నొక్కాడు. అరచెయ్యి సున్నంలా పాలిపోయింది. ఒకదాన్ని వదలగానే ఎరుపు తిరిగింది.

"బావుంది. ఒక నాళం తీసినా చేతికి రక్తం అందుతుంది. ఇక్కణ్ణుంచే తీసుకుందాం."

"తీశాక ఇది సూది పట్టుకుంటుందాండీ?"

"బొటనవేలి వెనక తిమ్మిరి ఉండొచ్చు, పట్టు కాస్త తగ్గొచ్చు. అందుకేగా వాడని చెయ్యి చూసుకునేది."

"నా రఫ్ఫు పనంతా దీంతోనేనండీ."

డాక్టరు ఆయన వైపు తిరిగాడు. ఆయన ఫోను జేబులో పెట్టి, "నీది ఎడమచేతి వాటమా?" అన్నాడు, పొరుగింటావిడని అడిగినట్టు. ఆపైన సర్దుకుని, "అది కాదండీ. తొడ అంటే, ఇంటికొచ్చాక మెట్లెక్కాలి, పొయ్యి దగ్గర నిలబడాలి, ఇబ్బంది కదా. ఛాతీ అంటే చూడ్డానికి బావుండదు."

"ఎవరికి?" అంది ఆమె.

ఆయన మళ్లీ ఫోను బయటికి తీశాడు.

"తొడ నుంచి తీయండి డాక్టరుగారూ."

"తీయొచ్చు, మీరు సన్నగానే ఉన్నారు, ముక్క మరీ మందంగా రాదు. కానీ తీరా తెరిచాక అక్కడి నాళం పనికిరాకపోతే రెండో దారి ఉండాలి. అప్పుడు మీరు మత్తులో ఉంటారు. మీవారిని అడగమంటారా?"

"వద్దండీ. ఇప్పుడే రాసుకోండి. కుడి చెయ్యి."

డాక్టరు కలం కాగితం మీద ఆగింది. "మరి కుడి చేత్తో ఏం చేస్తారమ్మా?"

"వడ్డిస్తాను," అంది ఆమె.