మాస్టారి వంతు క్యారేజీ

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. ఆదివారం ఆరాధన ముగించుకుని అందరూ ఇంటికొచ్చి గంట దాటింది. ఆ గంటసేపూ ఇంట్లో నా గురించే గొడవ. వేడి కూరతో, మూత బిగించుకుని, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నన్ను తీసుకెళ్ళాల్సిన పదేళ్ళ కెజియా మంచం కోడు పట్టుకుని కదలనంటోంది.

"నేనెళ్ళను నానమ్మా. నువ్వెళ్ళు."

"నా మోకాళ్ళు సరిగ్గా ఉంటే నిన్ను బతిమాలతానా ఏంటే!" అంది సువార్తమ్మ. "రెండు సందులు దాటితే మాస్టారి గది. అదేమన్నా ఐగుప్తు ప్రయాణమా?"

"పోయిన నెలా ఇట్టాగే సతాయించింది అత్తమ్మా," వంటింట్లోంచి తల్లి సలోమి కేకేసింది. "రాన్రానూ బద్ధకం ఎక్కువైపోతంది దీనికి!"

బద్ధకం కాదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

నా సంగతి కొంచెం చెప్పాలి. విజయవాడలో ఒక ఇరుకు షెడ్డులో రేకు ముక్కల్ని అచ్చు మీద నొక్కి నన్ను తయారుచేశారు. పనివాడు నా పక్క పట్టీలు మూడుసార్లు లాగి చూసి, "బస్సు బోల్తాపడినా చుక్క ఒలకదు" అన్నాడు. ఆ మాటకి చాలా ఏళ్ళు గర్వపడ్డాను. సువార్తమ్మ భర్త నన్ను పద్దెనిమిదేళ్ళు పత్తి మిల్లుకి మోశాడు. ఆయన పోయాక అటకెక్కాను. సలోమి కాపురానికొచ్చి నన్ను దించి, చింతపండుతో తోమి, మళ్ళీ మెరిపించింది. కెజియా పుట్టినప్పుడు ఆసుపత్రికి మిరియాల చారు మోసింది నేనే.

ఆ తర్వాత నాకు దేవుడి పని పడింది. మా పేట చర్చిలో సండే స్కూలు నడిపే ఆశీర్వాదం మాస్టారు ఒంటరి మనిషి. చర్చి వెనక గదిలో ఉంటారు. ఆయనకి ఆదివారం భోజనం పేటలోని ఇళ్ళవాళ్ళు వంతులేసుకుని పంపుతారు. మా వంతు మూడో ఆదివారం. ఆ రోజు కోడికూరలో కందనకాయ ఆయన గిన్నెలోకే. సలోమి భర్త కృపానందం దాని వంక ఒకసారి చూసి చూపు తిప్పుకునేవాడు.

మొదట్లో సలోమే నన్ను తీసుకెళ్ళేది. ఒంటరి మగాడి గదికి వయసులో ఉన్న ఆడది వెళ్తే నలుగురూ నాలుగు మాటలంటారని స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ మెల్లిగా అంది. అందరూ ఔనన్నారు. ఇలాంటి విషయాల్లో మనుషులకి భలే ముందుచూపు. మగపిల్లలైతే ఆటల్లో పడి కూర ఒలకబోస్తారు కాబట్టి, ఆ వారం నుంచి ప్రతి ఇంట్లోనూ క్యారేజీ బుద్ధిమంతురాలైన ఆడపిల్ల చేతికొచ్చింది.

మూడు నెలలు ఏమీ జరగలేదు. మాస్టారు కెజియా చేత ఒక బైబిలు వచనం చెప్పించుకుని, చాక్లెట్ ఇచ్చి పంపేవారు. నాలుగో నెల, "గిన్నెలు ఖాళీ చేసిస్తాను, కూర్చో" అన్నారు. లేచి తలుపు గడియ పెట్టారు.

తర్వాత జరిగింది నేను చెప్పను. చెప్పే హక్కు ఆ పిల్లది. నేను బల్ల మీద ఉన్నాను. అవతల చర్చిలో పాటలు నేర్చుకుంటున్నారు. నేను కింద పడితే ఆ చప్పుడుకి ఎవరైనా వచ్చి ఉండేవారు. కానీ ఎవరూ తోయకుండా నేను పడలేను. చివర్లో మాస్టారు, "ఇది మనకీ దేవుడికీ మాత్రమే తెలిసిన సంగతి" అన్నారు. దేవుడికి కూడా తెలిసిపోయిందనే ఆ పిల్ల ఎక్కువ భయపడింది.

ఇంటికొచ్చాక సలోమి నా మూత తీసి చూసి, "మాస్టారు ఇష్టంగా తిన్నట్టున్నారే!" అని మురిసిపోయింది. అంతకుమించి ఏమీ అడగలేదు. ఆ తర్వాత మరో రెండు వంతులు గడిచాయి.

ఈ ఆదివారం కూడా సలోమి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నన్ను కూతురి చేతిలో పెట్టి, వీపు మీద చెయ్యేసి గుమ్మం దాటించింది. కెజియా రెండు మెట్లు దిగి నన్ను వదిలేసింది. పట్టీలు ఊడాయి. కూర మెట్ల మీదుగా పారింది.

"అయ్యో దేవా, అన్నం నేలపాలు!" అంది సువార్తమ్మ.

సలోమి చెయ్యెత్తింది.

"కొట్టమ్మా," అంది కెజియా. "ఎంతైనా కొట్టు. అక్కడికి మాత్రం పంపకు. మాస్టారు తలుపేస్తారు."

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. సలోమి కూతుర్ని లోపలికి తీసుకెళ్ళింది. నేను మెట్ల మీదే పడి ఉన్నాను. లోపల్నుంచి, "నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా" అని సలోమి గొంతు. ఆ తర్వాత అత్తగారితో, "నేనే పంపాను అత్తమ్మా. నా చేత్తో నేనే తోశాను."

ఆ సాయంత్రమే సలోమి వెళ్ళి పాస్టరు అయ్యగారికి చెప్పింది. సోమవారం మధ్యాహ్నం ఆయన, సంఘ పెద్ద ఏలియా వచ్చారు. అప్పటికి నన్నెవరో కడిగి, సొట్టతోనే అలమరలో పెట్టారు.

"మాస్టారు కన్నీళ్ళతో ఒప్పుకున్నారమ్మా," అన్నారు అయ్యగారు. "వేరే ఊరి సంఘానికి పంపేస్తున్నాం. బయటికి పొక్కితే ప్రభువు నామానికే అవమానం."

"పిల్లకి రేపు పెళ్ళి గట్రా కావాలి గదా," అన్నాడు ఏలియా.

"ఆ ఊళ్ళో క్యారేజీ తెచ్చే ఆడపిల్లలుండరా అయ్యగారూ?" అంది సలోమి.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు అయ్యగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. సలోమి మూసుకోలేదు. తలుపు చాటున నిలబడ్డ కూతుర్నే చూస్తూ ఉంది.

వాళ్ళు వెళ్ళాక కృపానందం, "పెద్దోళ్ళు చెప్తన్నారు గదా, తొందరపడొద్దు" అని గొణిగాడు. సువార్తమ్మ ఏడుస్తూ, "మీ మావయ్య సమాధి చర్చి తోటలోనే ఉందే. వాళ్ళు మనల్ని వెలేస్తే రేపు నన్ను ఎక్కడ పెడతారే?" అంది. సలోమి చెప్పులేసుకుని బయటికి వెళ్ళింది.

మాస్టారు ఇంకా ఆ గదిలోనే ఉన్నారు. వచ్చే ఆదివారం వంతు దీనమ్మ గారిది. వాళ్ళ క్యారేజీ కొత్తది. దాన్ని మోసే పిల్లకి తొమ్మిదేళ్ళు. ఆ గదిలో ఉన్నది నేను. చూసింది నేను. ఏ కోర్టూ నన్ను పిలవదు. పిలిచినా ఏం చెప్పగలను?

సాయంత్రం కుటుంబ ప్రార్థన అయింది. కృపానందం బైబిలు మూస్తుంటే సలోమి, ఉప్పు సరిపోయిందా అని అడిగేంత మెల్లిగా అంది:

"రేపు పొద్దున్నే నేనూ కెజియా పోలీస్ స్టేషన్‌కి వెళ్తన్నాం. పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను, వాళ్ళ మేడం కూడా వస్తదంట. కెజియా చెప్పగలిగినంత చెప్తది. మిగతాది నేను చెప్తాను. వంతులున్న ఇళ్ళన్నిటికీ వెళ్ళి, పిల్లల్ని పంపొద్దని చెప్పొచ్చాను. ఇద్దరు నా మొహాన తలుపేశారు. సంఘంలోంచి తీసేస్తే తీసెయ్యనివ్వండి. మీరు వస్తారో రారో పొద్దున్నే చెప్పండి. మేమైతే ఎనిమిదింటి బస్సుకి వెళ్తన్నాం."