అరవై పండ్ల పరీక్ష

పండ్ల షెడ్డులో ఆవిణ్ణి అందరూ బొటనవేలత్త అంటారు. పీచ్ పండును వేలితో అలా తాకి, ఇది ఇవాళే పంపాలి, ఇది నాలుగు రోజులు ఆగుతుంది అని పాతికేళ్లుగా తేల్చేస్తోందని ఆ పేరు. చెప్పకూడదు గానీ, ఆ వేలికి స్పర్శ పోయి రెండేళ్లయింది. రంగు చూసి, వాసన చూసి ఎలాగో నెట్టుకొస్తోంది. పొద్దున్నే బల్ల ముందు కూర్చుంటే చాలు, ప్రాణం ఉసూరుమంటుంది. పక్కనే కూర్చుని పండ్లను పెట్టెల్లో సర్దే కోడలికి కూడా ఈ సంగతి చెప్పలేదు. కోడలి ముందు చులకనైపోతే ఇక అత్తరికం ఏం మిగులుతుంది?

ఆ దిగులంతా కోడలి మీదే తీర్చుకునేది. "ఒక్క పెట్టె నింపడానికి ఇంతసేపా? అవి చేతులా, చెక్కలా?" అని రోజూ సతాయించేది. కిందటి వారం సూపర్‌వైజరు వచ్చి, పండ్లు పరీక్షించే మిషన్ వస్తోందనీ, ఇకమీదట ఈ బల్ల దగ్గర ఒక్కరే ఉంటారనీ చెప్పాడు. పోయేది తన పనేనని అత్తకు అనిపించింది. "మా కోడల్నే తీసెయ్యండి బాబూ, మరీ నత్తనడక" అనేసింది. అన్నాక మనసు పీకింది. అయినా నోరు విప్పి కాదనలేదు.

మిషన్ వచ్చింది. చిన్న రబ్బరు సుత్తితో పండును టక్కున తట్టి, ఆ చప్పుడు విని, లోపల ఎంత గట్టిగా ఉందో అంకె చూపిస్తుంది. పండుకు గాటు పడదు, కమలదు కూడా. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చూడ్డానికి పరీక్ష పెట్టారు. అరవై పండ్లు. ముందు అత్త చెప్పాలి, తర్వాత మిషన్ చెబుతుంది, ఆఖర్న పండును గుచ్చి చూసే పాత మీటరుదే తీర్పు. కోడల్ని దూరంగా నిలబెట్టారు.

మిషన్ యాభై నాలుగు సరిగ్గా చెప్పింది. అత్త ఇరవై తొమ్మిది.

"బొమ్మా బొరుసూ వేసినా ఇంతే వచ్చేది కదమ్మా!" సూపర్‌వైజరు నోరెళ్లబెట్టాడు. "మరి మీ బల్ల నుంచి వెళ్లిన పెట్టె ఒక్కటీ ఇప్పటిదాకా తిరిగి రాలేదే?"

అత్తకూ అది అంతుబట్టలేదు. తల తిప్పి చూస్తే కోడలు చటుక్కున తల దించుకుంది. అప్పుడు వెలిగింది ఆవిడకు. పెట్టెలో పెట్టే ముందు ప్రతి పండునూ అది మళ్లీ తన వేలితో చూసేది. తప్పొచ్చిన పండును కిక్కురుమనకుండా పక్క పెట్టెలోకి మార్చేది. ఓరి దేవుడా, ఆ ఆలస్యానికేనా తను దాని పని పోగొట్టింది!

"బాబూ, నా వేలు చచ్చి రెండేళ్లయింది" అంది అత్త. "ఇన్నాళ్లూ పండ్లు చూసింది మా కోడలు. తీసేసేవాళ్లలో దాని పేరు కొట్టేసి నా పేరు రాసుకోండి."

"బాగా ఆలోచించుకోండమ్మా."

"ఆలోచించే ఓపిక కూడా లేదు నాయనా. రాసెయ్యండి."

సాయంత్రం ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. కోడలు మొహం అటు తిప్పుకుంది.

"నిన్ను తీసెయ్యమన్నది నేనేనే" అంది అత్త.

"తెలుసు. ఆ రోజే విన్నాను."

"విని కూడా నా తప్పులు దిద్దుతూనే ఉన్నావా?"

"నా బాధ అది కాదు అత్తయ్యా." కోడలు ఇటు తిరిగింది. "రెండేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం. ఒక్క పూట, నా వేలు పనిచెయ్యట్లేదే అని నాతో అనలేకపోయారా? అంత కానిదాన్నయ్యానా?"

అత్త ఆ బొటనవేలును కొంగులో దాచుకుంది.

"భయమేసిందే" అంది.

"ఎవరంటే?"

"నువ్వంటేనే."

కోడలు అక్కడే, అంతమంది జనంలో, భోరుమంది.