తాంబూలం నమిలి ఇరుక్కున్న గవ్వలప్ప

రాండప్పా, ఇట్ల దగ్గరికి జరగండి. ఆ అరుగు మీదోళ్ళు మీ గట్టు తగాదా రేపు తెంచుకోవచ్చు, గట్టు యాడికీ పోదు. అమ్మణ్ణీ, ఆ బిడ్డ నోట్లో ఇంత బెల్లం పెట్టు. ఇంగ ఎవురన్నా నడమ మాట్లాడినారంటే మళ్ళా మొదట్నించి ఎత్తుకుంటా, మీ ఇష్టం.

మోడాలకు, అదే మబ్బులకు, పైన ఒక ఊరుండాది. దేవుళ్ళ ఊరు. మన గుళ్ళల్లో ఉండే దేవుళ్ళు కాదు, వాళ్ళు పెద్దోళ్ళు, వాళ్ళ వీధి వేరే. ఇది చిల్లర దేవుళ్ళ ఊరు. ఒకరికి తుమ్ములు, ఒకరికి ఎనుముల పాలు, ఒకరికి తలుపు గొళ్ళాలు, ఇట్ల పన్లు పంచుకుంటాంటే గవ్వలప్ప అనే ఆయన నిద్దరపోతాండె. లేసి సూసేసరికి రెండే మిగిలినాయి. ఒకటి అదృష్టం, ఇంగొకటి ఆటాపాటా. ఆ రెండూ ఎవురికీ వద్దంట, ఎంత చేసినా చేసినట్ల కనపడదని. సరేలే అని ఆయనే తీసుకున్యాడు.

ఆయన దగ్గర టెంకాయంత గవ్వ ఉంటాది. మనిషి పుట్టేటప్పుడు దాన్ని ఎగరేస్తాడు. వెల్లకిల పడితే ఆ మనిషి పట్టిందంతా బంగారం. బోర్లా పడితే బంగారం పట్టుకున్యా బొగ్గే. ఎగరేసినాక ఎట్ల పడిందని గూడా సూడడు, పాట పాడుకుంటా పోతాడు.

ఇంగ కతకొస్తాం. రాజధాని కర్నూల్లో ఉన్న రోజులు. జమ్మలమడుగు పక్కన, పెన్నేటి గట్టున ఒక పల్లెలో ఆదినారాయణ అని ఒక సేద్యగాడు. ఆయప్పకు వీధినాటకం పిచ్చి. గొంతెత్తినాడంటే అవతలి గట్టున మేసే ఎనుములు తలెత్తి సూస్తాయి. కానీ పుట్టిన్నాడు గవ్వ బోర్లా పడింది. ఏషం కట్టి తెర దాటి కాలు పెట్టినాడా, వాన. పులివెందులలో ఒకసారి నడెండాకాలం రాజేషం కట్టి, ఇంగా మీసం దువ్వుతాండాడు, వంక పొంగి వచ్చింది. హార్మోనీ పెట్టె నీళ్ళమీద తేలుకుంటా పెండ్లిమర్రి దాకా పోయింది. దాన్ని పట్టుకున్యోళ్ళు ఇప్పుడు గూడా మెట్టు నొక్కితే కప్ప అరుస్తాదంట.

నాటకంలో ఒక పద్ధతుంది. తెల్లారేటప్పుడు మంగళం పాడి, కిరీటం పెట్టుకున్నోనికి హారతి ఇస్తారు. ఆ హారతి ఆదినారాయణ ఎప్పుడూ సూల్యా. అప్పటికి జనం తడిసి ఇండ్లకు పోయింటారు. బతుకులో ఒక్కసారి కిరీటం తలమీదుండంగా హారతి తీసుకోవల్ల, అదే ఆయప్ప కోరిక. పెండ్లాం గురమ్మ, "ఇంట్లో పీటమీద కూచ్చో, నేనిస్తా హారతి. కిరీటం లేకుంటే సంగటి సట్టి బోర్లిస్తా," అంటాండె.

ఆ ఏడు వానల్లేవు. శెనక్కాయ చెట్లు చేన్లోనే ఎండు పొగాకు మాదిరి నలుగుతాండాయి. ఒకనాడు ఊరిపెద్ద నారాయణ మామ ఇంటికొచ్చి, "ఆదీ, ఈసారి రాజేషం నీదే," అన్యాడు.

"ఇన్నాళ్ళకు నా విలువ తెలిసిందా మామా?"

"తెలిసిందిరా. శానా బాగా తెలిసింది," అని మామ ఆకాశం పక్క సూసినాడు.

హార్మోనీ వాయించేదానికి మనిషిని మాట్లాడల్లంటే మనకాడ కాగితాలు గీగితాలు లేవు. ఆకూ వక్కా చేతిలో పెడతారు. నమిలినాడంటే, జొరమొచ్చినా జాడ్యమొచ్చినా మంగళం దాకా వాయించల్ల. "ప్రొద్దుటూర్లో బంగారంగళ్ళ వీధి మొగదాల, టీ అంగడి బల్లమీద, తలగుడ్డ వంకరగా చుట్టుకోని ఉంటాడు సిరాజుద్దీన్," అని ఆదినారాయణను పంపించినారు. ఆ పొద్దు సిరాజుద్దీన్ నమాజుకు పోయినాడు. అదే బల్లమీద గవ్వలప్ప కూచ్చోనుండాడు. అంగళ్ళలోకి పోయేటోళ్ళ మొఖాలూ, వచ్చేటోళ్ళ మొఖాలూ సూసి నవ్వుకునేదానికి దిగినాడాయన. తలగుడ్డ కట్టేది చేతకాక వంకరగా చుట్టినాడు.

"భాయ్, నువ్వేనా?"

"నేనే." ఎవురడిగినా ఆయన నేనే అంటాడు.

ఆకులు చేతిలో పడినాయి. ఊరికే వచ్చినాయి గదా అని నమిలేసినాడు. ఆదినారాయణ నాటకం ఎప్పుడో, ఊరు యాడుండాదో చెప్పినాడు.

"రాకుంటే ఏమైతాది?" అన్యాడు గవ్వలప్ప.

"తాంబూలం తినీ రానోణ్ణి ఇంతదాకా సూల్యా భాయ్."

గవ్వలప్ప నవ్వుకోని పులివెందుల బస్సెక్కినాడు. బస్సు జమ్మలమడుగులో నిలిచింది. దిగి మళ్ళా పులివెందుల బస్సే ఎక్కినాడు. మళ్ళా జమ్మలమడుగే. డ్రైవరు, "నేను అట్లనే తిప్పుతాండా సామీ, బండే ఇట్ల పోతాంది," అన్యాడు. నోరు కడిగితే ఎరుపు పోదు. ఆయన పుక్కిలించి పుక్కిలించి ఒక బావి బావే ఎర్రగై, ఆ ఊరోళ్ళు గుడ్డలకు రంగేసుకున్యారు. ఆటాపాటా దేవుడు గదా, ఆట తాంబూలం ఆయన్నే కట్టేసింది.

ఓడిపోయి పల్లెకొచ్చినాడు. "నేను దేవుణ్ణప్పా. నన్నిడిచిపెట్టు, ఏం కావల్లన్నా ఇస్తా."

"ఇడిచేది లేదు. వాయించాల్సిందే. ఇచ్చేదుంటే, నాటకం అయ్యేదాకా వాన రాకుండా సూడు," అన్యాడు ఆదినారాయణ.

గవ్వలప్ప నవ్వు ఆపుకుంటా గవ్వ తీసి వెల్లకిల పెట్టినాడు.

నాటకం మొదలైంది. ఆదినారాయణ తెర దాటి కాలు పెట్టినాడు. చుక్క పడలా. మోడాలైతే వచ్చినాయి, పాపం అలవాటు గదా. వచ్చినాక ఏం జెయ్యల్లో తెలీక, మిద్దెల ఎత్తుకు దిగి నాటకం సూసేదానికి కూచ్చున్యాయి. ముందర మోడం అడ్డమొస్తే ఎనక మోడం జరగమని ఉరిమేది. సిరాజుద్దీన్ గూడా వచ్చినాడు, తన తాంబూలం ఎవురు తిన్యారో సూడల్లని. ముందర్నే కూచ్చోని దేవునికి, "శృతి తగ్గింది భాయ్, ఇంగా తగ్గింది," అని చెప్తానే ఉండాడు.

ఆదినారాయణ ఎన్నడూ పాడనట్ల పాడినాడు. కానీ జనం ఒక్కరూ ఆయప్పను సూడల్యా. అందురి మెడలూ పైకే. తెల్లవారుతాంది. మంగళానికి ఇంగ ఒక్క పద్యముంది. తెర ఎనక్కు పోయి గురమ్మను అడిగినాడు.

"ఏమే, అందురూ పైకి సూస్తాండారేంది?"

"వాళ్ళు నీ పాటకు రాలేదయ్యా. నీ వానకొచ్చినారు. ఏషం ఇచ్చిందే దానికి. మన చేను గూడా ఎండిపోతాంది, నేనూ పైకే సూస్తాండా."

ఆదినారాయణ కిరీటం సర్దుకున్యాడు. మళ్ళా తడిమి సూసుకున్యాడు. హారతి పళ్ళెం ఆ మూలనే కనపడతాంది. నేరుగా హార్మోనీ దగ్గరికి పోయినాడు.

"సామీ, గవ్వ బోర్లా వెయ్యి."

"ఒక్క పద్యమే గదప్పా. హారతి తీసుకో, తరవాత వేస్తా."

"మంగళమైతే నీ నోరు తెల్లగైతాది. నువ్వు నిలుస్తావా?"

దేవుడు నేల సూసినాడు. పట్టుబడినాడు మరి. గవ్వ బోర్లా వేసినాడు.

వానంటే అట్లాంటిట్లాంటి వాన కాదప్పా. ఒక్కో చినుకు చెంబెడు. రాత్రంతా పట్టుకోని కూచ్చున్య మోడాలు గదా. ఆదినారాయణ ఇంగ జనం లేసి పరిగెత్తుతారని కిరీటం తీసి పక్కన పెట్టినాడు. ఎవురూ లేవలా. నారాయణ మామ ఒక్కడే నిలబడినాడు, మీసాలనించి నీళ్ళు కారుతాండాయి.

"ఏందిరా నిలిపినావు? పద్యం పాడు."

"వాన వచ్చింది గదా మామా."

"వచ్చింది, అందుకే మెడలు దించినాం. ఇంగ నిన్ను సూస్తాం. పాడు."

పాడినాడు. తాంబూలం తిన్య దేవుడు వాయించక తప్పలా. మెట్టు నొక్కితే నీళ్ళు చిమ్మి సిరాజుద్దీన్ మొఖాన పడతాండాయి. ఆయన మొఖం తుడుచుకుంటా, "ఇప్పుడు శృతి కలిసింది భాయ్," అన్యాడు. గురమ్మ చేట అడ్డం పెట్టుకోని కర్పూరం ఎలిగించి, కిరీటం తానే ఎత్తి మొగుని తలమీద పెట్టి హారతిచ్చింది. కిరీటం రంగంతా కారి ఆయప్ప మొఖం పచ్చగా, ఎర్రగా అయిపోయింది. కండ్లు మాత్రం హారతి మీదనే.

హారతి ఆరంగానే దేవుని నోరు తెల్లబడింది. లేసి, వానధారలను తాడు మాదిరి పట్టుకోని పైకి ఎగబాకినాడు. ఆ తొందరలో గవ్వ జారి పెన్నలో పడింది. ఇంగా ఆడ్నే దొర్లుతాండాది. అందుకే మనకు ఒకనాడు వెల్లకిల, ఒకనాడు బోర్లా.

జనమంతా నోరు తెరుచుకోని పైకి సూస్తాండారు. ఖాజీపేట నించి వచ్చిన ఒకాయన రాత్రంతా బండి కింద గొంగడి కప్పుకోని నిద్దరపోయి, అప్పుడే తల బయటకు పెట్టినాడు. నాలుగు పక్కలా సూసి, పక్కనోణ్ణి అడిగినాడు:

"ఈ వాన ఏషం కట్టినోడు ఎవురప్పా? బాగా చేసినాడు గానీ, ఒక్క పద్యం గూడా పాడలా."