ఎడమ దవడ పన్ను

తండ్రి పోయిన నాలుగేళ్ళకు గానీ పళ్ళ డాక్టరమ్మకు ఆయన పాత బీరువా తెరిచే తీరిక చిక్కలేదు. బీరువా నిండా రోగుల కార్డులే. ఒక్కో కార్డు మీద రెండు వరసల పళ్ళ బొమ్మ, పీకిన పన్ను మీద ఎర్రసిరాతో అడ్డగీత. వాటిలో ఒకదానికి మాత్రం పేపరు ముక్క గుండుసూదితో గుచ్చి ఉంది.

ముప్ఫై రెండేళ్ళ కిందటి వార్త అది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసే ఒకామెను పట్టపగలు ఆమె గదిలోనే ఎవరో గొంతు నులిమి చంపేశారు. అనుమానితులు ముగ్గురు: భర్త, ఇంటి ఓనరు, పక్క వాటాలో ఉండే డ్రాయింగ్ మాస్టారు. రెండుకీ మూడుకీ మధ్య జరిగిందన్నారు. ఆ వేళకు మాస్టారు తన దగ్గర పన్ను పీకించుకుంటున్నాడని సాక్ష్యం చెప్పింది డాక్టరమ్మ తండ్రే. హంతకుడు దొరకలేదు.

నాన్న ఈ మాట ఒక్కనాడైనా ఎత్తలేదే అనుకుంది. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న మనసును పురుగులా తొలుస్తూనే ఉంది.

సెలవు దొరికినప్పుడల్లా లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసింది. భర్త ఆ మధ్యాహ్నమంతా అచ్చు మిషను ముందే ఉన్నాడని అతనితో పనిచేసిన ఇద్దరు ముసలివాళ్ళు విడివిడిగా చెప్పారు. ఇంటి ఓనరు అప్పటికే కాలు విరిగి ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. చనిపోయినామె చెల్లెలు టైలరింగ్ షాపు నడుపుతోందని తెలిసి అక్కడికీ వెళ్ళింది.

"మాస్టారు వెంటబడి విసిగిస్తున్నాడని అక్క స్కూల్లో కంప్లయింటు ఇస్తానంది. మర్నాడు ఇవ్వాల్సింది. పోలీసులకి అన్నీ చెప్పాం. అంత పేరున్న డాక్టరు మాట ముందు మా మాటెవరికి కావాలి?" అంది చెల్లెలు, కత్తెర పక్కన పెట్టి. "ఇంతకీ మీరెవరి తాలూకండీ?"

డాక్టరమ్మ "మళ్ళీ వస్తానండీ" అని షాపు మెట్లు దిగేసింది.

ఆ మాస్టారు ఊళ్ళోనే ఉన్నాడు. ఒకటో తరగతిలో ఆమె చేత చిలకలూ పడవలూ వేయించింది ఆయనే. తండ్రి ఉన్నంతకాలం వీళ్ళ ఆస్పత్రి గడప తొక్కనివాడు, ఏడాదిగా వస్తున్నాడు. మంగళవారం పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చి నోరు తెరిచాడు.

డాక్టరమ్మ ట్రేలో ఆయన పాత కార్డు, బీరువాలో దొరికినది, పెట్టుకుంది. కింది వరస, ఎడమ వైపు, రెండో దవడ పన్ను మీద ఎర్ర గీత. అద్దం లోపలికి పెట్టి చూసింది. పన్ను ఉంది. మళ్ళీ లెక్కపెట్టింది. గట్టిగా, పచ్చగా, పాతుకుపోయి ఉంది. చిగురు వాచిందని సాకు చెప్పి ఎక్స్‌రే తీసింది.

కుర్చీ లేచేసరికి మాస్టారి చూపు ట్రే మీద పడింది.

"అది మీ నాన్నగారి చేతిరాత కదమ్మా?"

"పాత కాగితాలు సర్దుతున్నాను మాస్టారూ."

ఆయన కార్డు వంక, ఆమె వేళ్ళ వంక చూశాడు. అవి ఎర్ర గీతను కప్పేశాయి. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళి కార్డు తల్లి ముందు పెట్టింది. ఆమె బియ్యం ఏరుతున్నదల్లా చేట పక్కకు పెట్టేసింది.

"ఎక్కడ దొరికిందే ఇది?"

"ముందు నిజం చెప్పమ్మా."

"ఆ రోజు వాన. ఒక్క రోగీ లేడు. మూడున్నరకి వచ్చాడు వాడు. నిన్నెత్తుకుని వచ్చాడు తల్లీ, స్కూలు నుంచి. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నీ జుట్టు నిమురుతూ, 'నేను రెండింటి నుంచీ ఇక్కడే ఉన్నాను, కదా డాక్టరుగారూ? పాప రోజూ మా దారిలోనే వస్తుంది, భద్రంగా రావాలి' అన్నాడు. మీ నాన్న తలూపారు. నేనూ అక్కడే ఉన్నాను. నేనూ నోరు మూసుకున్నాను."

"పోలీసులు పన్ను చూళ్ళేదా?"

"డాక్టరు రాసిచ్చాక చూసేదేముంది? మీ నాన్న కావాలనే బాగున్న పన్ను మీద గీత పెట్టారు. ఎప్పటికైనా ఎవరైనా వాడి నోరు చూస్తారు అన్నారు. అంతకుమించి ఆయనకి ధైర్యం చాల్లేదు."

ఆ రాత్రి డాక్టరమ్మకు కంటిమీద కునుకు లేదు. మర్నాడు పని ముగించుకుని పోలీసు స్టేషనుకు వెళ్దామనుకుంది. మధ్యాహ్నం నర్సు భోజనానికి వెళ్ళిన పది నిమిషాలకు మాస్టారు వచ్చాడు. లోపలికొచ్చి తలుపు గడియ వేశాడు. చెప్పకుండానే కుర్చీలో వాలాడు.

"ఈ పన్ను లాగేస్తోందమ్మా. పీకెయ్."

"అది రాయిలా ఉంది మాస్టారూ."

"పీకమంటున్నానుగా." ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అరవయ్యేడేళ్ళ చెయ్యి, ఉడుంపట్టు. "పసుపు గొడుగు పిల్ల మీ అమ్మాయేగా? నిన్న స్కూలు గేటు దగ్గర చూశాను. అచ్చం నువ్వే."

డాక్టరమ్మ గడియ వేసిన తలుపు వంక చూసింది. అరిస్తే వినేవాళ్ళు లేరు. కష్టమ్మీద నవ్వు తెచ్చుకుని, "సరే, మత్తు ఇవ్వాలిగా, చెయ్యి వదలండి" అంది.

సూది గుచ్చుతున్నంతసేపూ ఆ కళ్ళు ఆమె మీదనే ఉన్నాయి. "పది నిమిషాల్లో మొద్దుబారుతుంది. పనిముట్లు లోపల ఉడుకుతున్నాయి, తెస్తాను" అని వెనక గదిలోకి నడిచింది. ఎక్స్‌రే, కార్డు ఉన్న సంచీ కొక్కేనికి వేలాడుతోంది. అది లాక్కుని పెరటి తలుపు తీసి పరుగందుకుంది. వెనక అడుగుల చప్పుడు వినిపించినట్టే ఉంది, తిరిగి చూడలేదు. నేరుగా స్కూలుకే వెళ్ళింది. పిల్లను క్లాసులోంచి లాక్కొచ్చి, హెడ్మిస్ట్రెస్ గదిలోంచి పోలీసులకు ఫోను చేసింది. పిల్ల చెయ్యి నొప్పెడుతోందని ఏడ్చినా వదల్లేదు.

మాస్టారు పోలీసులకు బస్టాండులో దొరికాడు. సగం మొహం మొద్దుబారి, మాట ముద్దగా వస్తోంది. ఏ నాటువైద్యుడి చేతో ఆ పన్ను పీకించుకోకముందే, ప్రభుత్వ డాక్టరు చేత నోరు తెరిపించి ఫొటోలు తీయించారు.

తల్లి స్టేషనులో రెండు గంటలు వాంగ్మూలం ఇచ్చింది. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఇన్‌స్పెక్టరు అడిగితే, "నా పిల్ల బతికుండాలని" అంది. ఆ గదిలోనే మూల బల్ల మీద కూర్చున్న, చనిపోయినామె చెల్లెలు అది విని, "మా అక్కా ఒకరి పిల్లేగా" అంది. తల్లి చేతులు జోడించింది. చెల్లెలు మొహం తిప్పుకుంది.

నాలుగు నెలల తర్వాత మాస్టారు నేరం ఒప్పుకున్నాడు. పేపరులో తండ్రి పేరు మళ్ళీ వచ్చింది, ఈసారి అబద్ధపు సాక్షిగా. డాక్టరమ్మ ఆ పేపరు తీసుకుని టైలరింగ్ షాపుకు వెళ్ళి, మొదటిసారి అడిగినప్పుడు చెప్పలేని జవాబు చెప్పింది.

"ఆయన కూతుర్నండీ నేను."

చెల్లెలు కుట్టు మిషను ఆపింది. తర్వాత కాలితో స్టూలు ఇటు జరిపి, "కూర్చో" అంది.