తెల్ల దుప్పట్ల బడి

పాపాయికి గుడ్డ కట్టి పిన్నీసు పెట్టేటప్పుడు లోపల నీ వేలు అడ్డం పెట్టుకోవాలి, గుచ్చుకుంటే నీకే గుచ్చుకోవాలి. అమ్మ నాకు నేర్పిన మొదటి పని అది. అప్పటికి నాకు ఆరేళ్ళు, తమ్ముడు రస్సెల్‌కి అయిదు. వాడికి ఎవరూ నేర్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళంతా ఒక్కసారే పెళ్ళిళ్ళు చేసుకుని, ఒక్కసారే ఇళ్ళు కొనుక్కున్నారేమో, అమెరికాలోని ఏక్రన్ ఊరి శివార్లలో మా వీధంతా ఒకే అచ్చులో పోసినట్టుండేది. ఇంటికి నలుగురైదుగురు పిల్లలు. మేం అయిదుగురం, అందరికంటే పెద్దదాన్ని నేను. బడిలో బెంచీలు చాలక సగం మందికి పొద్దున, సగం మందికి మధ్యాహ్నం. నా ఒక్క తరగతిలోనే నలభై ఏడుగురం. నేను పుట్టేసరికే లోకం నిండిపోయిందని, నా చోటు నేను ఇరుక్కుని సంపాదించుకోవాలని అనిపించేది.

నా ఏడో ఏట మా హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ క్రౌలీ ఇంటికొచ్చింది. మా టీచరు నెలలు నిండి మానేసింది. "ఎడిత్, నువ్వు రెండేళ్ళు కాలేజీ చదివావటగా! వచ్చి పాఠాలు చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది" అంది. అమ్మ ముఖంలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఆ వెలుగు మాలో ఏ ఒక్కరి వల్లా రాలేదని ఆ వయసులోనే నాకు తెలిసిపోయింది.

నాన్న టైర్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ విన్నాడు. "పెళ్ళాన్ని పోషించలేక పనికి పంపాడని వీధంతా నవ్వాలా? ఇంట్లో నీకేం తక్కువైందని?" అన్నాడు. నానమ్మ అందుకుంది. "మా కాలంలో ఆడవాళ్ళకి ఇంటి చాకిరీకే పొద్దు చాలేది కాదు. దీనికి ఇంకా తీరికెక్కడిదో!"

మర్నాడు అమ్మ మిసెస్ క్రౌలీకి కుదరదని చెప్పింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఉతికిన దుప్పట్లు ఆరేయసాగింది. పొద్దున బడిలేని పిల్లలు అక్కడ ఊరికే తిరుగుతున్నారు. ఏమనుకుందో, దుప్పట్ల మధ్య వాళ్ళని గడ్డి మీద కూర్చోబెట్టి నదులెలా పుడతాయో చెప్పడం మొదలెట్టింది. మర్నాడు ఇంకో పదిమంది వచ్చారు. మాకు గోడలు గాలికి ఊగే గది ఒకటి దొరికింది. దుప్పటి ఉబ్బితే ఎండ పాలలా లోపలికి జారేది. సబ్బు వాసనలో అమ్మ గొంతు దూరంగా, తీయగా, ఎవరో కొత్త మనిషి గొంతులా వినిపించేది. నేను చెల్లిని ఒళ్ళో వేసుకుని కళ్ళు మూసుకుంటే నైలు నది నా పాదాల దగ్గరికి వచ్చేసేది. నాన్న దీనికి అడ్డు చెప్పలేదు. జీతం రాదు గనుక అది ఉద్యోగం కాదు.

పదకొండేళ్ళు గడిచాయి. చెల్లెళ్ళ జడలు, తమ్ముళ్ళ చొక్కాలు, గిన్నెలు, వీటి మధ్యనే నేను పెద్దదాన్నయ్యాను. నాకు పద్దెనిమిది వచ్చిన వేసవిలో ఒక ఆదివారం, భోజనాల దగ్గర, అమ్మ ఒక కాగితం నాన్న ముందు పెట్టింది. "మధ్యలో వదిలేసిన చదువు పూర్తి చేస్తాను, వాల్టర్. కాలేజీ వాళ్ళు రమ్మన్నారు."

నాన్న అరవలేదు. నవ్వి రొట్టె తుంచుకున్నాడు. "సరే, నీ సరదా నేనెందుకు కాదనాలి? ఇల్లు నార్మా చూసుకుంటుంది. దానికి మాత్రం వేరే పనేముంది? పెళ్ళయ్యేదాకా ఇంట్లోనే ఉంటుందిగా" అని నన్ను చూపించాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చూపు తన కాగితం మీదే ఉంది. కాదనలేదు. ఆ ఒక్క క్షణం ఎంత పొడుగ్గా సాగిందో! ఇరవై ఏళ్ళ ఆకలి ముందు నేను ఎంత చిన్నదాన్నో నాకు కనిపించింది. కోపం రాలేదు. నేనే ఆ చోట ఉంటే నేనూ మాట్లాడేదాన్ని కాదేమో.

నేను లేచి మేడ మీదికి వెళ్ళాను. మూడు వారాలుగా పరుపు కింద దాచుకున్న ఉత్తరం తెచ్చి అమ్మ కాగితం పక్కనే పెట్టాను. అదే కాలేజీ. "నాకూ రమ్మని వచ్చింది నాన్నా. నేనూ వెళ్తున్నాను."

"ఇద్దరూ పోతే ఇక్కడ వంటెవరు చేస్తారే?" అన్నాడు నాన్న.

అప్పుడు తలెత్తింది అమ్మ. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నాన్నతో, "నువ్వూ పిల్లలూ కలిపి ఇంట్లో ఇంకా అయిదుగురున్నారు, వాల్టర్. పదేసి వేళ్ళున్నాయి అందరికీ" అంది. రస్సెల్ తన చేతుల వంక చూసుకున్నాడు.

సెప్టెంబరులో మొదటి రోజు అమ్మా నేనూ ఒకే బస్సెక్కాం. ఇద్దరికీ పక్కపక్కన చోటున్నా అమ్మ ముందుకెళ్ళి కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. మొక్కజొన్న చేలు పొగమంచులో మెల్లగా వెనక్కి తేలిపోతున్నాయి. ఆ గంటసేపు ఆమె ఎవరికీ అమ్మ కాదు, నేను ఎవరికీ అక్కను కాను.