బిగించని మర

రామాంజులు ముప్పై ఏళ్లు పోలీసు బెటాలియన్‌లో తుపాకులు బాగుచేసి రిటైరైనవాడు. ఇప్పుడు అనంతపురంలో ఒక రైఫిల్ క్లబ్బుకు, లైసెన్సు ప్రకారం, పేలిన ఇత్తడి గుల్లలను మళ్లీ తూటాలుగా చేసి ఇస్తున్నాడు. పేలినప్పుడు గుల్ల ఉబ్బుతుంది. దాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి ప్రెస్సుతో నొక్కి పాత కొలతకు తేవాలి. ఆ డై ఎంత లోతుకు దిగాలో అంతే దిగాలి. వెంట్రుకవాసి ఎక్కువ దిగినా గుల్ల కురచైపోతుంది.

ఆ ఉదయం క్లబ్బు గదిలో పనికి కూర్చుంటూ అలవాటుగా డై మీద చెయ్యి వేశాడు. అది తిరిగింది. తిరగకూడదు. డైని కదలకుండా పట్టి ఉంచే రింగుకు ఒక చిన్న మర ఉంటుంది. అది బిగించి లేదు.

నిన్న బిగించానా? మధ్యలో కరెంటు పోయిన సంగతి గుర్తుంది. మర తిప్పిన సంగతి మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

నిన్న నొక్కాక మూతి సొట్టపడిందని పక్కన పడేసిన గుల్ల ఒకటి బల్ల మీదే ఉంది. దాన్ని కొలత గొట్టంలో వేశాడు. అంచుకు సమంగా ఆగాల్సిన గుల్ల లోపలికి దిగిపోయింది. తీసి మళ్లీ వేశాడు. మళ్లీ దిగింది. 

అలాంటి గుల్ల రైఫిల్లో పేలితే సాగి, అడుగు దగ్గర తెగుతుంది. నిప్పులాంటి ఆవిరి వెనక్కి, కాల్చేవాళ్ల కళ్లలోకి కొడుతుంది. నిన్న చేసినవి ఇరవై తూటాలు. ఇరవయ్యీ చాందిని తీసుకుపోయింది. బట్టల కొట్టు వాళ్లమ్మాయి, పది రోజుల్లో రాష్ట్ర పోటీ ఉందని రోజూ పొద్దున్నే తుపాకీ గురి సాధన చేసే రేంజికి పోతోంది.

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. రేంజిలో ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేయాలని పట్టుబట్టింది రామాంజులే.

స్కూటర్ తీశాడు. కళ్యాణదుర్గం రోడ్డు మీద పద్నాలుగు కిలోమీటర్లు. విత్తనం పడని ఎర్రచేలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. ఒకచోట గొర్రెల మంద రోడ్డంతా నిండింది. హారన్ మీంచి వేలు తీయలేదు. గొర్రెలాయన నింపాదిగా, "యాడికప్పా అంత తొందర?" అన్నాడు. రామాంజులు గొర్రెల సందులోంచే బండి పోనిచ్చాడు.

మట్టిరోడ్డులోకి తిరగ్గానే గుట్ట వెనకనుంచి ఒక చప్పుడు వినిపించింది. చెవులు రిక్కించాడు. నిమిషం గడిచింది. రెండోది రాలేదు. రెండు నిమిషాలు. యాక్సిలరేటర్ ఇంకా తిప్పాడు. అంతలో మళ్లీ పేలింది. బతికే ఉంది అనుకున్నాడు. మరుక్షణం, ఇంకోటి లోపల పెడుతుంటుందని తోచింది.

స్కూటర్‌ని స్టాండు కూడా వేయకుండా వదిలేసి, రేంజి చూసుకునే అంజినప్ప భుజం పట్టుకున్నాడు. "ఆపన్నా. ఆపించు."

అంజినప్ప విజిల్ ఊదాడు. పడుకుని గురి చూస్తున్న చాందిని చెవుల మీది మఫ్‌లు తీసి లేచింది.

"ఏమైంది మామా?"

"బోల్టు తెరువు పాపా. తూటా తీసెయ్. నెమ్మదిగా."

తీసింది. అది ఐదోది. పేలిన నాలుగు గుల్లలూ చాప మీద ఉన్నాయి. రామాంజులు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. నాలుగోదాని అడుగున చుట్టూ సన్నటి పగులు, దాని మీద మసి.

"ఇది పేలినప్పుడు చెంపకి వేడి తగిల్నాది," అంది చాందిని. "వడగాలేమో అనుకున్నా."

అతను కూలబడ్డాడు. "తప్పు నాదే పాపా. నిన్న డై మర బిగించలేదు. కొలిచి చూడకుండానే ఇచ్చినా."

ఆమె గుల్లను తీసుకుని పగులు మీద వేలు పెట్టి చూసింది.  "నా కన్ను పోయుంటే?" అంది మెల్లగా. 

మిగిలిన పదహారు తూటాలనూ అంజినప్ప పెట్టెలో వేసి సీలు చేశాడు. తప్పు తనదేనని రాసిన కాగితం మీద రామాంజులు సంతకం పెట్టాడు. క్లబ్బు అతన్ని నెలరోజులు తూటాలు చేసే గదిలోకి రానివ్వలేదు. చాందిని కంపెనీ తూటాలతోనే పోటీకి పోయింది, ఏడో స్థానంలో నిలిచింది.

నెల తర్వాత ఆమె తన గుల్లల సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చెయ్ మామా. నేను ఈడే కూచుంటా," అంది. "ప్రతి ఒక్కటీ నేనే కొలుస్తా."